చడావు కోసం కొన్న ఇంజన్

మా మిస్త్రీ కుడిచేతికి ఇప్పుడు రెండు వేళ్లే ఉన్నాయి. మిగిలిన మూడింటినీ నేను ఎంచుకున్న ఇంజన్ తీసుకుంది. ఇలా రాయడం కూడా ఒక రకంగా తప్పించుకోవడమే. ఇంజన్‌కు ఏం తెలుసు. ఎంచుకున్నది నేను.

మక్తల్ అవతల, రాయచూరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఊరు మాది. మా తాత కాలంలో ఆ ఊళ్లో మా భూమి ఎంత అని అడిగితే చెప్పడం కష్టం, మాది కానిది ఎంత అంటే తేలిక. నా దాకా వచ్చేసరికి సగం రాళ్లున్న ఒక మెట్ట చెలక, దొర అని పిలిచే అలవాటు మానని కొందరు ముసలివాళ్లు మిగిలారు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆ చెలక అమ్మి పాత ఆరు టైర్ల లారీ ఒకటి కొన్నాను. దాని వెనక ఇనుప దూలం నిలబెట్టించి, ఇనుప తాడు చుట్టే వించి బిగించి, రోడ్డు మీద చెడిపోయి ఆగిన లారీలను లాగుకొచ్చే బండిగా మార్పించాను.

కిరాయి లారీ ఎందుకు నడపలేదని చాలామంది అడిగారు. మిల్లుల ముందు వరుసలో నిలబడి, గుమాస్తా చేయి ఊపినప్పుడల్లా బండి ఒక గజం ముందుకు జరపడం నావల్ల అయ్యే పని కాదు. లాగుడు బండి సంగతి వేరు. ఆగిపోయినవాడు మనకోసం ఎదురుచూస్తాడు. మనం వెళ్లేసరికి లేచి నిలబడతాడు. పొద్దున్నే మా ఇంటి అరుగు ముందు అలా నిలబడే మనుషులను చూస్తూ పెరిగాను. ఆ నిలబడటం ఎక్కడో ఒకచోట ఇంకా మిగిలి ఉండాలని నాకు లోపల ఉండిందేమో. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు. ఆ దశ దాటిపోయింది.

బండికి మరమ్మతు ఏది వచ్చినా మక్తల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉన్న మిస్త్రీ దగ్గరికే తీసుకుపోయేవాణ్ణి. నాకంటే పదేళ్లు పెద్ద. లారీల పని నేర్చుకోవడానికి రాయచూరు పోకముందు, అంటే నేను చిన్నపిల్లవాణ్ణిగా ఉన్నప్పుడు, అతను మా ఇంట్లో కచ్చురం తోలేవాడు. కచ్చురమంటే పైన గూడు కప్పిన ఎడ్లబండి. మాలాంటి ఇళ్లవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. మక్తల్ సంతకు పోయే దారిలో ఒక పెద్ద మిట్ట ఉంది. ఎక్కే వైపును చడావు అనేవాళ్లు, దిగే వైపును ఉతారు. ఉతారులో మిగతా బళ్లలోని జనమంతా దిగి నడిచేవాళ్లు. మా నాయిన దిగేవాడు కాదు. దిగమని అనేవాళ్లూ లేరు. తోలే మనిషే కిందికి దూకి, కాడికి ఎదురుగా భుజం ఆనించి, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఎడ్ల బరువు, బండి బరువు, మా బరువు అంతా మీద వేసుకుని మిట్ట దించేవాడు. కింద చదునుకు వచ్చాక తువ్వాలతో మొహం తుడుచుకుని మళ్లీ నొగల మీదికి ఎక్కేవాడు. మా నాయిన ఆ కాసేపూ మాట ఆపేవాడు కాదు. లోపల మెత్త మీద కూర్చుని నేను చూస్తూ ఉండేవాణ్ణి.

ఇప్పుడు పెద్ద రోడ్డు ఆ మిట్ట మీదుగానే పోతుంది. లారీలు ఎక్కువగా చెడిపోయేది కూడా అక్కడే. మొదటి రెండేళ్లు ఆ రోడ్డు మీద లాగుడు బండి నాదొక్కటే. తరవాత హైదరాబాద్ వైపు నుంచి హైడ్రాలిక్ క్రేన్ ఒకటి వచ్చి చౌరస్తాలో నిలబడింది. పసుపు రంగు, ముందు వరుస లైట్లు, లోపల పాటలు. నడిపేవాడు ముప్పై ఏళ్ల మనిషి, ఎవరినీ పేరు పెట్టి పిలవడు, అందరికీ ఏదో ఒక ఎకసెక్కెం పేరు ఉంది.

ఒక మధ్యాహ్నం వడ్ల లారీని లాగుతూ చడావు సగం ఎక్కాను. నా బండి అక్కడే నిలిచిపోయింది. పొగ వస్తోంది, చక్రం కదలడం లేదు. క్రేన్ వచ్చి పక్కన ఆగింది.

“దొరా! ఎనకకెల్లి నూకమంటవా?” అన్నాడు వాడు, తల మొత్తం కిటికీ బయటపెట్టి.

నేను మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాను, పొగే వచ్చింది.

“సిగ్గువడకు. నీ బండిని గుంజాల్నా, నువ్వు గుంజే బండిని గుంజాల్నా? జర చెప్పు, రొండిట్ల ఏదైన సరే.”

వడ్ల లారీ డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వుతోనే కిందికి దిగి నా బండికున్న కొక్కెం విప్పి, లారీని క్రేన్‌కు కట్టించుకున్నాడు. నాకు ఎంతో కొంత ఇవ్వబోయాడు. వద్దన్నాను. వాళ్లు మిట్ట ఎక్కి కనుమరుగయ్యేదాకా బండిలోనే నిటారుగా కూర్చున్నాను. చుట్టూ ఎవరూ లేకపోయినా వెన్ను వంచలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లాను. మిస్త్రీ తువ్వాలతో స్టూలు దులిపాడు, నేను కూర్చున్నాను. అతను ఎప్పటిలాగే నిలబడ్డాడు.

“దీనికి బలం చాలుతలేదు. ఏం జేయొచ్చో చెప్పు,” అన్నాను.

“మూడు తొవ్వలున్నయి చిన్నదొరా,” అన్నాడు. నా తల నెరిసినా అతనికి చిన్నదొరనే. “ఉన్న ఇంజన్‌కే టర్బో ఎక్కించి, పంపుల డీజిల్ పెంచొచ్చు. జోరొస్తది. గని పాత పిస్టన్లు గా వేడికి ఓర్సుకోవాలె. రొండోది, దీన్ని దించేసి పది టైర్ల బండి ఇంజన్ పాతది తెచ్చి కూసోవెట్టుడు. ఇంజన్ గుర్రాల బలం ఇంచుమించు రెట్టింపైతది.”

“మూడోది?”

అతను షెడ్డులోకి పోయి ఒక పెద్ద పళ్లచక్రం ఎత్తుకొచ్చి నా కాళ్ల ముందు గోనెసంచి మీద పెట్టాడు. వెనక ఇరుసు మధ్యలో ఉండి చక్రాలను తిప్పే చక్రం అది, క్రౌన్ అంటారు.

“ఇంజన్ గిదే ఉండనియ్యాలె. పిస్టన్లు, రింగులు కొత్తయి ఏసుడు. రేడియేటర్ పెద్దది. ఎనక గీ క్రౌన్ ఎక్కించుడు. బండి ఎద్దు నడక నడుస్తది, గని ఎంత బరువునైన గుంజుతది. ఉతారుల గూడ...”

“క్రేన్‌ను దాటుతదా?”

“దాటది, చిన్నదొరా.”

ఉతారు గురించి అతను మొదలుపెట్టిన మాట అక్కడే ఆగిపోయింది. నేను దాన్ని మళ్లీ ఎత్తలేదు.

“ఈ మూడిట్ల ఏది మంచిది?”

అతను గొంతుక్కూర్చుని తువ్వాలతో క్రౌన్ తుడిచాడు. అప్పటికే అది శుభ్రంగా ఉంది. ఒక్కొక్క పన్ను సందులో వేలు పెట్టి మళ్లీ తుడిచాడు. తువ్వాల భుజం మీద వేసుకోకుండా చంకలో పెట్టుకున్నాడు.

మా ముందు వద్దు అనే మాట పలికినవాళ్లు మా ఊళ్లో లేరు. ఆ మాట నడవని చోట దాని పని వేరే పద్ధతుల్లో జరుగుతుంది. మాట మధ్యలో ఆపేస్తారు. తువ్వాల భుజం దిగి చంకలోకి పోతుంది. మన కళ్లముందు ఒక వస్తువు పెట్టి తుడిచిందే తుడుస్తారు. ఇవన్నీ మా నాయినకు బాగా తెలుసు. తనకు అక్కర ఉన్నప్పుడు వాటిని చదివేవాడు, లేనప్పుడు కళ్లుండీ చూసేవాడు కాదు. నేనూ ఆ ఇంట్లోనే చదువుకున్నాను. ఆ పొద్దున మిస్త్రీ నాతో ఏమంటున్నాడో నాకు పూర్తిగా అర్థమైంది. అర్థం కాలేదని ఎవరికైనా చెప్పి ఉంటే అది అబద్ధం.

“పది టైర్ల ఇంజనే ఎక్కించు,” అన్నాను.

“మీరన్నట్లే, చిన్నదొరా.”

క్రౌన్‌ను ఎత్తుకుని లోపలికి పోతూ, గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. “గుర్రాలను పెంచుడు తేల్క పనే. ఆపేటోడు గావాలె.”

విన్నాను. పనివాళ్ల గొణుగుడుకు చెవి ఇవ్వకూడదని మా ఇంట్లో నేర్పారు.

హైదరాబాద్‌లో తుక్కు బజారు నుంచి ఇంజన్ తెప్పించాను. అది పాత ఇంజన్ జాగాలో పట్టలేదు. కింది దిమ్మలు కోసి, కొత్త పట్టీలు అతికించి, ఫ్యాను రేడియేటర్‌కు తగలకుండా ఇనుప ముక్కలు పెట్టి, మిస్త్రీ పది రోజులు దానితో కుస్తీ పట్టాడు. నిజానికి పనిలో అతను ఎక్కడా తగ్గలేదు. తనకు ఇష్టం లేని పనిని అంత శ్రద్ధగా చేసిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. గేరు పెట్టె పాతదే, బ్రేకులూ పాతవే. ఒకసారి అడిగాడు, “గేరు పెట్టె, బ్రేకులు గూడ జర చూద్దమా చిన్నదొరా?” అని. తరవాత చూద్దామన్నాను. బండి రోడ్డు మీద లేని ప్రతి రోజూ క్రేన్‌వాడు చడావు ఎక్కుతున్నాడని తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

అతని భార్య రోజూ మధ్యాహ్నం సద్ది తెచ్చేది. ఒకనాడు గిన్నె దించుతూ, “ఇంజన్ ఏనుగంత, బ్రేకులు ఎలుకంత. ఇంట్ల నాలుగొద్దుల సంది గిదే లొల్లి,” అంది. నావైపు చూడలేదు, కానీ నాకు వినబడేట్టే అంది.

“ఊకో! నీకేమెరుక?” అని మిస్త్రీ కసిరాడు.

“నాకేమెరుక. నువ్వు నిద్రల గుణిగింది విన్న గంతే.”

అతను నా మొహం చూడకుండా బండి కిందికి దూరాడు.

ఇంజన్ ఎక్కాక నెలన్నర మహా వైభవంగా గడిచింది. ఆ రోజులను తక్కువ చేసి చెప్పను. యాక్సిలరేటర్ మీద కాలు మోపితే సీటు వెన్నుకు గుద్దుకునేది. పత్తి లారీని కట్టుకుని చడావు మీద క్రేన్‌ను దాటిన రోజున వాడు హారన్ కొట్టి అరిచాడు, “దొరా, మీ దొరల గడీల ఉన్న గుర్రాలన్ని కట్టినవా ఏందీ? పాపం వాటికి జర దాణ ఎయ్యి!” నేను నవ్వాను. పెద్దగా, ఒంటరిగా, బండిలో కూర్చుని నవ్వాను. మళ్లీ అలా నవ్వింది లేదు.

“ఎట్లుంది ఇంజన్?” అని మిస్త్రీని అడిగాను.

“మంచిగ ఎక్కుతాంది, చిన్నదొరా.”

ఎక్కుతోందనే అన్నాడు. అంతవరకే అన్నాడు.

ఆ రోజుల్లోనే అతను నేను పిలవకుండానే నాతో రావడం మొదలుపెట్టాడు. ఫోను రాగానే షెడ్డు మూసి వచ్చి పక్క సీట్లో కూర్చునేవాడు. కాళ్ల దగ్గర ఒక చెక్క దిమ్మ పెట్టుకునేవాడు, బండి జారకుండా టైరుకు అడ్డం పెట్టే దిమ్మ. పని వదిలి ఎందుకొస్తున్నావని అడిగితే, “ఊకెనే. కొత్త ఇంజన్ గద, జర చెవిబెట్టి వినాలె,” అన్నాడు. మిట్ట ఎక్కేటప్పుడు సీటుకు ఆనుకుని కూర్చునేవాడు. దిగేటప్పుడు ముందుకు వంగి తలుపు పిడి మీద చెయ్యి వేసేవాడు. ప్రతిసారీ అంతే. నేను ప్రతిసారీ చూశాను.

ఆ రోజు కర్ణాటక లారీ. బేళ్ల పత్తి, నిండా లోడు. ఇంజన్ చచ్చిపోయిన లారీకి బ్రేకుల ట్యాంకులో గాలి నిండదు, గాలి లేకపోతే దానికి బ్రేకులుండవు. ఇనుప రాడ్డుతో నా బండికి కట్టాం. చడావు మీద నా ఇంజన్ దాన్ని ఆటబొమ్మలా లాగింది. మిట్ట నెత్తికి చేరాక గేరు తగ్గించాను. పది అడుగులు దిగామో లేదో గేరు దానంతటదే ఊడింది. ఆ పాత పెట్టె ఆ కొత్త బలానికి అప్పటికే అరిగిపోయి ఉంది. మళ్లీ వేయబోయాను, పళ్లు కొరుక్కున్న చప్పుడు తప్ప పడలేదు. వెనక లారీ మొత్తం బరువు రాడ్డు మీదుగా నన్ను తోయడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు, తగ్గింది, మళ్లీ జారింది.

తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నాను. పక్క సీటు ఖాళీగా ఉంది.

అద్దంలో చూశాను. అరవై దాటిన మనిషి బండి పక్కన పరిగెత్తుతూ, ఒంగి, వెనక చక్రం ముందు దిమ్మ తోశాడు. టైరు దిమ్మను కొంత దూరం ఈడ్చి దాని మీదికి ఎక్కింది. బండి ఒక్క క్షణం పట్టుకున్నట్టయింది. ఆ క్షణంలో నేను స్టీరింగు మట్టి గట్టు వైపు తిప్పాను. గట్టులో మూతి పెట్టి ఆగింది. నాకు చిన్న గీత కూడా పడలేదు. వెనక లారీ డ్రైవరుకూ ఏమీ కాలేదు. మిస్త్రీ రోడ్డు మీద కూర్చుని, చేతిని తువ్వాలలో చుట్టుకుంటున్నాడు. నేను దిగి దగ్గరికి వెళ్లేసరికి లేచి నిలబడ్డాడు.

ఆ నిలబడటాన్ని నేను మరవలేను.

క్రేన్‌వాడే వచ్చాడు. మమ్మల్ని కూర్చోబెట్టుకుని మహబూబ్‌నగర్ దవాఖాన దాకా తీసుకెళ్లాడు. దారిలో ఒక్క ఎకసెక్కెం ఆడలేదు. పాటలు ఆపేశాడు. మర్నాడు నా బండిని తనే లాగి షెడ్డు పక్కన వదిలిపెట్టాడు. కిరాయి కూడా అడగలేదు. వాడు ఎగతాళి చేసి ఉంటే ఎంత బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

దవాఖాన వరండాలో మిస్త్రీ మంచం దగ్గర నిలబడి అడిగాను, “గేరు పెట్టె ఆగదని నీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు?”

“నాదే తప్పు చిన్నదొరా,” అన్నాడు. “చెయ్యి జల్ది తీయకపోతిని. ముసలితనం.”

అతని భార్య మంచం అవతల నుంచి లేచింది. అంతకుముందు నన్ను ఎప్పుడూ నేరుగా చూడలేదు.

“చెప్పలేదా? క్రౌన్ తెచ్చి నీ కాళ్లకాడ పెట్టిండు గద! ఇంకెట్ల చెప్పాలె? నీ తాత ముందర, నీ నాయిన ముందర ఎవలన్న వద్దని బతికిన్రా? అప్పుడు కచ్చురం దిగకపోతిరి, గాయన భుజం పెట్టె. ఇప్పుడు లారీ, గాయన చెయ్యి పెట్టె. రొండుసార్లు గూడ నువ్వు కూసున్న జాగల కూసునే ఉన్నవు.”

“నోర్మూయ్,” అన్నాడు మిస్త్రీ. గొంతు బలహీనంగా ఉంది. “చిన్నదొరా, ఆడిమనిషి. మనసుల పెట్టుకోకుండ్రి.”

ఆమె అన్న ప్రతి మాటా మనసులోనే ఉంది. నాకు చెప్పవలసిన మాట జీవితంలో ఒక్కరే చెప్పారు, ఆ ఒక్కరినీ అతను నా కోసం కసిరాడు. ఆమె ఆ తరవాత నాతో మాట్లాడలేదు. నేను షెడ్డుకు వచ్చే వేళకు సద్ది గిన్నె పెట్టేసి వెళ్లిపోతుంది.

ఇది జరిగి కొన్నేళ్లయింది. నా బండి ఇంకా షెడ్డు పక్కనే ఉంది. ముందు చక్రం సందులో సర్కారు తుమ్మ మొలిచి ఇప్పుడు కిటికీ ఎత్తుకు వచ్చింది. మిస్త్రీ రెండు వేళ్లతో పానా పట్టలేడు. కుర్చీలో కూర్చుని పనివాళ్లకు చెబుతాడు. పొద్దున వెళ్లి నేను కూడా అక్కడ కూర్చుంటాను. వేరే చోటు లేదు. నన్ను చూడగానే అతను కుర్చీలోంచి లేస్తాడు. కూర్చోమని ఎంత చెప్పినా నేను కూర్చునేదాకా నిలబడే ఉంటాడు.

మొన్న ఒకతను పాత లారీని లాగుడు బండిగా మార్పించుకుందామని వచ్చాడు. పెద్ద ఇంజన్ ఎక్కించమన్నాడు.

“వద్దు,” అన్నాడు మిస్త్రీ.

“అరె, నేను పైసలిస్తున్న గద మిస్త్రీ.”

“నువ్వు బంగారమిచ్చినా వద్దు. క్రౌన్ మార్చుకో, బ్రేకులు మార్చుకో. గది జేస్తెనే నా షెడ్డుకు రా. లేకుంటే గా తొవ్వ చూడు.” రెండు వేళ్ల చెయ్యి ఎత్తి రోడ్డు చూపించాడు.

ఆ మనిషి గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మిస్త్రీ గొంతులో ఆ మాట ఎంత తేలికగా పలికిందో విన్నాను. యాభై ఏళ్లుగా అతని దగ్గర ఆ మాట ఉంది. అందరికీ ఇస్తున్నాడు.

నేను స్టూలు మీంచి లేచాను. తుక్కువాడు నా బండిని అడుగుతున్నాడు. అది కాక, పాత ఇంజన్ ఇంకా షెడ్డు వెనకే ఉంది, దాన్నే తిరిగి ఎక్కించి క్రౌన్ మార్చి మళ్లీ రోడ్డెక్కాలన్న వెర్రి కోరిక కూడా నాలో చావలేదు. రెండూ చెప్పాను. ఏం చేయమంటావని అడిగాను. అడిగి, ఆ తరవాత నా నోట రాకూడని మాట కూడా అన్నాను.

“మిస్త్రీ, నీ కాళ్లు మొక్కుత. ఒక్కసారి నాకు గూడ వద్దని చెప్పు. నువ్వు ముసలోడివైనవు, ఇగ బండి వద్దు, ఇంట్ల కూసో అని చెప్పు.”

అతను బెదిరిపోయాడు. తిట్టినా అంత బెదరడు. కళ్లు దించుకున్నాడు. భుజం మీద తువ్వాలను ఆ రెండు వేళ్లతో పట్టుకోబోయాడు, అది జారింది. ఎడమచేత్తో తీసి చంకలో పెట్టుకున్నాడు.

“గట్లనకుండ్రి చిన్నదొరా,” అన్నాడు. “మీ ఇష్టం. మీరెట్లంటే అట్ల.”